నిమ్మచెక్క సాక్ష్యం

ఆదివారం ఉదయం పది గంటల పది నిమిషాలకు ఫోన్ మోగింది. అప్పుడు నా ఎడమచేతిలో అట్లకాడ ఉంది, పెనం మీద పెసరట్టు ఉంది, పక్కన మా ఆవిడ శ్యామసుందరి మిక్సీలో అల్లప్పచ్చడిని చిత్రహింసలు పెడుతోంది.

"అన్నయ్యగారూ, నేను శేషుకుమారిని. మా షెడ్డులో శవం మాయం."

పెసరట్టు పెనానికే వదిలేశాను.

"శవమా? ఎవరిదమ్మా?"

"ఇంకెవరిదండీ, మా ఆయనదే."

ద్వారకానాథ్‌ నాకు పదేళ్ళుగా తెలుసు. మొన్న బుధవారమే మా ఇంట్లో కాఫీ తాగి, చక్కెర తక్కువైందని చెప్పి వెళ్ళాడు.

"ఆఖరిసారి ఎవరు చూశారు?"

"ఆయనే. నిన్న సాయంత్రం ఒళ్ళంతా తుడిచి, నూనె రాసి, దుప్పటి కప్పి పడుకోబెట్టారు. పొద్దున చూస్తే దుప్పటి మాత్రమే ఉంది."

"ఇప్పుడాయన ఎక్కడున్నాడు?"

"షెడ్డులో కూర్చుని ఏడుస్తున్నారు."

తన శవం పోయిందని తనే కూర్చుని ఏడుస్తున్న మనిషి నా ముప్పై ఏళ్ళ డిటెక్టివ్ వృత్తిలో తగల్లేదు. వయసెంతన్నాను. ఎనభై రెండంది. ద్వారకానాథ్‌కి యాభై ఎనిమిది. అయితే శవం మరెవరిదో అయి ఉండాలని నాకు నేనే సర్దిచెప్పుకుని, "ఎవరికీ చెప్పకండి, వస్తున్నా" అన్నాను. వాళ్ళు ఎవరికీ చెప్పలేదు. చెప్పింది మా ఆవిడ. నా నోట ‘శవం’ అన్న మాట వినగానే ఆవిడ చెయ్యి మిక్సీ వదిలి ఫోన్ పట్టుకుంది. మా మెల్‌బోర్న్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మూడు వందల పన్నెండు మంది ఉన్నారు.

పది ముప్పై అయిదుకి కేరమ్ డౌన్స్‌లో ద్వారకానాథ్ ఇంటి ముందు కారు ఆపబోతే చోటు లేదు. లాన్ నిండా జనం. తెల్లచీరలు, పూలదండలు, పులిహోర గిన్నెలు, నీళ్ళ సీసాలతో ఐసు నింపిన ఎస్కీ పెట్టె. ఒక పెద్దాయన నన్ను పక్కకి లాగి, "తీసేది ఎన్నింటికి రావుగారూ? నాకు ఆర్వోలో ఇంకో ఫంక్షనుంది" అనడిగాడు. ఇక్కడివాళ్ళ యాసలో ఆర్వో అంటే మధ్యాహ్నం.

షెడ్డులోకి అడుగుపెట్టాక తెలిసింది, పోయింది శవం కాదు, స్టవ్.

ద్వారకానాథ్ పాత సైనిక సామాను సేకరించి బాగుచేస్తాడు. షెడ్డులో ఒకవైపు సగం విప్పిన జీపు, ఒకవైపు సైనికుల నీళ్ళ డబ్బాలు, గోడ పొడుగునా అలమరలో పదకొండు ఇత్తడి స్టవ్‌లు. పన్నెండో చోట ఖాళీ. అక్కడ ఉండాల్సింది 1943 నాటి ఆస్ట్రేలియా సైన్యపు కిరసనాయిలు స్టవ్. అదే ఎనభై రెండేళ్ళ శవం. స్టవ్ మాయం అని ఆవిడంటే మిక్సీ హోరులో నా చెవి దాన్ని పాడె ఎక్కించింది.

ఆ సంగతి బయటికెళ్ళి చెప్పేసి ఉంటే అక్కడితో అయిపోయేది. చెప్పలేదు. కారణం, షెడ్డు మధ్యలో నీలం సూటు వేసుకుని నిలబడ్డ శివప్రసాద్.

ఈ శివప్రసాద్ నాలుగేళ్ళ క్రితం వరకు నా దగ్గర సహాయకుడు. ఇప్పుడు ఆ స్టవ్‌ని బీమా చేసిన కంపెనీకి పరిశోధకుడు; ద్వారకానాథ్ నాకంటే ముందు వాళ్ళకే ఫోన్ చేశాడట. నా కారు కంటే వాడి కారు పొడవు, నా ఫోన్ కంటే వాడి ఫోన్ పలచన, నా జుట్టు కంటే వాడి జుట్టు దట్టం. నా పేరు పానకాలరావు, వాడు అందులో పుడక. వాడి ముందు ‘నేను తప్పుగా విన్నాను’ అనడం కంటే నిజంగానే ఒక శవాన్ని వెతికి తేవడం తేలిక.

"అంకుల్ వచ్చారా. కేసు ఆల్మోస్ట్ క్లోజ్ చేసేశాను" అన్నాడు. యాభై నాలుగేళ్ళ వాణ్ణి ముప్పై ఎనిమిదేళ్ళ వాడు అంకుల్ అంటే అందులో గౌరవం పావలా, తిట్టు ముప్పావలా.

"క్లోజ్ చేసే ముందు ఒకసారి ఓపెన్ చెయ్యి బాబూ, చూస్తాను."

"సింపుల్. ఇవాళ పన్నెండింటికి మిలిటరీ వెహికల్ క్లబ్ వాళ్ళ పోటీ. ఐదేళ్ళుగా స్టవ్‌లలో ఫస్ట్ ఈయన, సెకండ్ తోమాసు. ఐదేళ్ళ కడుపుమంట. నిన్న నాలుగింటికి తోమాసు ఇక్కడికొచ్చాడు. రాత్రి వెనక కంచె దూకి ఎత్తుకుపోయాడు. క్లబ్‌కి, పోలీసులకి పదకొండున్నరకి మెయిల్ పెడుతున్నా. డ్రాఫ్ట్ రెడీ."

తోమాసుది బాపట్ల. ఇక్కడ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పని. ఆ ఉద్యోగంలో ఏటా పోలీసు రికార్డు చూపించాలి. దొంగతనం కేసు పడితే సోమవారం నుంచి ఇంట్లోనే.

గడియారం చూశాను. పది నలభై రెండు. నాకున్నవి నలభై ఎనిమిది నిమిషాలు.

ద్వారకానాథ్ బోర్లించిన నీళ్ళ డబ్బా మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఎదురుగా ఇంకో డబ్బా వేసుకున్నాను.

"నిన్న నాలుగు నుంచి ఒక్కొక్కటే చెప్పు ద్వారకా."

"నాలుగింటికి తోమాసు వచ్చాడు. స్పానర్ కావాలన్నాడు, ఇచ్చా. పన్నెండు నిమిషాల్లో వెళ్ళిపోయాడు. ఐదున్నరకి నేను గుడికెళ్ళా. ఆరు నలభైకి వచ్చి స్టవ్ చూసుకున్నా, నూనె రాశా, దుప్పటి కప్పా. పొద్దున తొమ్మిది యాభైకి దుప్పటి తీస్తే కింద స్టవ్ లేదు."

"దుప్పటి ఎత్తుగా లేదని తీసేదాకా తెలీలేదా?"

"కింద ఏదో పీపా పెట్టాడు దొంగవెధవ."

గేటు కెమెరాలో వచ్చింది ఇదే. తోమాసు యూట్, అంటే వెనక తొట్టి ఉన్న బండి, నాలుగింటికి లోపలికి, నాలుగూ పన్నెండుకి బయటికి. అతని చేతిలో స్పానర్ తప్ప మరేం లేదు. ద్వారకానాథ్ కారు ఐదున్నరకి బయటికి, ఆరు నలభైకి లోపలికి. తర్వాత పొద్దున దాకా పొరుగింటి పిల్లి తప్ప పురుగు లేదు. వెనక కంచె దగ్గరికెళ్ళాను. ఈ చివర నుంచి ఆ చివరి దాకా తీగ అల్లుకుని, పూత మీద ఉంది. పద్నాలుగు కిలోల స్టవ్ చంకన పెట్టుకుని దాన్ని ఎవరు దూకినా సగం తీగ ఊడిరావాలి. ఒక్క రేకు రాలలేదు.

"నీ దొంగ కంచె దూకాడా, పువ్వులకి నమస్కారం పెట్టి ఎగిరాడా?" అన్నాను శివప్రసాద్‌తో.

"డ్రోన్‌తో తీశాను అంకుల్, ఫుటేజ్ ఎనలైజ్ చేస్తున్నారు."

డ్రోన్ కూడా ఉంది వాడికి. నాకు కంట్లో కారం పడ్డట్టయింది. నా దగ్గర ఉన్నది భూతద్దం, అదీ గీతలు పడ్డది.

గోడ మీద క్లబ్ వాళ్ళ ఉత్తరం ఒకటి పిన్నుతో గుచ్చి ఉంది. రెండు వారాల నాటిది. ఈ ఏడు కొత్త నిబంధన: మెరుపు చూసి మార్కులు వెయ్యరు, ప్రతి స్టవ్‌నీ జడ్జీల ముందు వెలిగించి ఒక లీటరు నీళ్ళు మరిగించాలి.

"నీది ఆఖరున ఎప్పుడు వెలిగించావు?" అన్నాను.

ద్వారకానాథ్ ముఖం చిట్లించాడు. "వెలిగిస్తే నల్లబడదూ? పన్నెండేళ్ళుగా పాలిష్ పడుతున్నా, అందులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు."

అంటే పన్నెండేళ్ళుగా ఆ స్టవ్‌లో వెలిగింది ఇతని ముఖం ఒక్కటే.

పది యాభై ఎనిమిదికి బయట గోల. తోమాసు, భార్య ప్రేమలీల వచ్చారు. ఆవిడ చేతిలో తెల్లపూలు, ఆయన చేతిలో పాటల పుస్తకం. పోటీకి పోతూ పోతూ శవం కబురు విని ఇటు తిరిగారు. ఎవరు పోయినా ఒక కీర్తన పాడే మనిషి ఆయన. శివప్రసాద్ దారికడ్డంగా నిలబడి, "మిస్టర్ తోమాసు, నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?" అన్నాడు.

"చర్చిలో. క్వయర్ ప్రాక్టీస్, ఐదున్నర నుంచి ఏడు దాకా. ప్రతి శనివారం అదేగా. అందరికీ తెలుసు. ఏం బాబూ?"

"మీరు జెలస్ అని కూడా అందరికీ తెలుసు."

ప్రేమలీల పువ్వుల్ని చంకలోకి మార్చి, "మా ఆయన జెలస్సే బాబూ. ఐదు సెకండ్ ప్రైజులు మా టాయిలెట్‌లో మేకులకి తగిలించాడు. అంతమాత్రాన దొంగా?" అంది.

తోమాసు ఆ మాటకి సిగ్గుపడి నవ్వాడు. నేను ఆయన్ని యూట్ దగ్గరికి నడిపించాను. అసూయ సంగతి నాకు తెలిసినంతగా శివప్రసాద్‌కి తెలియదు. అది నిండుగా ఉన్నవాళ్ళకి పక్కవాడి వస్తువు అక్కర్లేదు. పక్కవాడు అందరి ముందూ ఓడిపోతే కళ్ళారా చూడాలి. పోటీ రోజున ద్వారకానాథ్ స్టవ్‌ని మాయం చేస్తే తోమాసుకి ఆ చూసే భాగ్యమే ఉండదు.

యూట్ వెనక గోనెపట్టా మీద తోమాసు స్టవ్. పోయినదీ ఇదీ ఒకే ఏడు, ఒకే ఫ్యాక్టరీ, ఒకే అచ్చు. తేడా చెప్పేది ట్యాంకుకి బిగించిన నంబరు పలక ఒక్కటే.

"చూడండి రావుగారూ, నా నంబరే కదా" అని దాన్ని అడుగు పైకొచ్చేట్టు బోర్లించాడు. ట్యాంకు పక్కన సైన్యం వాళ్ళు కొట్టిన బాణం గుర్తు తలకిందులైంది. మూడు గీతలు కింద కలిసి, అచ్చం వెంకన్న నామం. ఎవరో ఎవరికో నామం పెట్టారనిపించింది గాని, ఎవరు ఎవరికో తెలియలేదు. నంబరు పలక మరలు రెండూ కొత్తగా గీరుకుని ఉన్నాయి. ట్యాంకు అడుగున, పసుపు ఇత్తడిలో, ఒక గుండ్రటి గులాబీరంగు మచ్చ. పాతకాలపు అర్ధరూపాయంత ఉంది.

"ఈ మరలు నువ్వు విప్పావా?"

"లేదండీ. కానీ రాత్రి నాకొక చిత్రం జరిగింది. చర్చి నుంచి వచ్చాక పంపు కొట్టి చూస్తే గాలి ఎక్కలేదు. లోపల తోలు వాషర్ అప్పడంలా ఎండిపోయి ఉంది. నేను నెలకోసారి నూనె పెట్టందే ఉండనే. వయసు మీద పడి మర్చిపోయాననుకుని, విప్పి రాత్రంతా నూనెలో నానబెట్టా. పొద్దున బిగించా. ఇప్పుడు పంపు బిర్రుగా ఉంది."

"గరాజ్‌కి తాళం వేస్తావా?"

"పక్క తలుపుకి వెయ్యను. చర్చికెళ్ళినప్పుడు అసలు వెయ్యను."

అతను లాన్ వైపు చూశాడు. అక్టోబరు చలిగాలికి పెద్దవాళ్ళు శాలువాలు బిగించుకుంటున్నారు. "పాపం, అరగంట నుంచి నిలబడ్డారు. నిన్నటి నుంచి దీన్ని వెలిగించి చూళ్ళేదు, ట్రయల్ అయినట్టూ ఉంటుంది. టీ పెట్టేస్తాను రావుగారూ."

సరేనన్నాను. ఆ సరేకి తర్వాత నన్ను నేను చాలాసార్లు తిట్టుకున్నాను.

షెడ్డులోకి తిరిగొచ్చేసరికి పదకొండూ పదమూడు. శివప్రసాద్ టాబ్లెట్ మీద వేలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. శేషుకుమారి మాకు మంచినీళ్ళు తెచ్చింది. ఇలాంటి ఇళ్ళలో సాక్ష్యం మొగవాళ్ళ నోట్లో ఉండదు, ఆడవాళ్ళ మంచినీళ్ళ పళ్ళెంలో ఉంటుంది.

"అమ్మా, నిన్న ఈయన గుడి నుంచి వచ్చేసరికి ఏం చేస్తున్నారు?"

"చక్రపొంగలి కోసం గిన్నె కడిగి పెట్టుకుని కూర్చున్నా అన్నయ్యగారూ. పదేళ్ళలో మొదటిసారి శనివారం గుడికెళ్ళి ఉత్తచేతులతో వచ్చారు. అయిపోయిందిట."

ద్వారకానాథ్ నేలలోకి చూశాడు. గుడి నుంచి ప్రసాదం రాలేదు. కంపెనీ నుంచి శివప్రసాదం మాత్రం వచ్చింది.

"ఈ స్టవ్ మీద మీకూ కోపమేనా?"

"కోపమెందుకుండదు. నా మొహం వంక అంతసేపు చూశారా ఎప్పుడైనా? మొన్న దసరాకి ఆయుధ పూజ అంటే పన్నెండూ బోర్లించారు. తిరగేస్తే ఆ బాణం గుర్తు నామంలా ఉంటుందిట, స్వామికి దణ్ణం పెట్టుకున్నట్టూ ఉంటుందిట. నేను బొట్లు పెట్టి, నిమ్మకాయలు కోసి కుంకం అద్ది ఒక్కోదాని మీద ఒక్కో చెక్క పెట్టా. తియ్యడం మర్చిపోయా. మర్నాటికి అన్నిటికీ మచ్చలు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు మహానుభావుడు."

నా చేతిలో గ్లాసు ఆగింది.

అలమరలోంచి చేతికందిన స్టవ్‌ని తీసి బోర్లించాను. ట్యాంకు అడుగున గులాబీరంగు మచ్చ, అర్ధరూపాయంత. రెండోది తిప్పాను. మచ్చ. మూడోది. మచ్చ. నిమ్మపులుపు ఇత్తడిని కొరికి, లోపలి రాగి రంగుని బయటికి లాగింది.

ప్రేమలీల ఇంట్లో నిమ్మకాయ పచ్చడి జాడీలోకి వెళ్తుంది గాని, ఏ జన్మలోనూ స్టవ్ నెత్తికెక్కదు.

"శివప్రసాద్, ఆ మెయిల్ పంపకు. పోయిన స్టవ్ దొరికింది. వాకిట్లో ఉంది, తోమాసు నంబరు పలక తగిలించుకుని. ఇక్కణ్ణుంచి అది బయటికెళ్ళింది నిన్న ఐదున్నరకి, ఆ కెమెరాలో కనపడిన ఒకే ఒక్క కారులో." ద్వారకానాథ్ వైపు తిరిగాను. "తుప్పు వదిలించడం నీ విద్య. తప్పు వదిలించడం నాది. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ద్వారకానాథ్ నేల మీంచి తలెత్తాడు. "అడిగితే నా స్టవ్ వెలిగేట్టు చేసి ఇవ్వడా అనకండి. ఐదేళ్ళు ఫస్ట్ వచ్చినవాణ్ణి, సెకండ్ వచ్చినవాణ్ణి ఎలా అడగను? వెలిగించే పోటీ పెడితే వాడిదే ఫస్టని నాకు తెలుసు. నాది పోయిందంటే ఓడినట్టు కాదు కదా. వాడి దగ్గర నాది ఉంటే అది వెలగదు. వాడూ గెలవడు. అంతే. అంతకంటే ఏం అనుకోలేదు."

"వాడి స్టవ్?"

"నా కారు డిక్కీలో."

"నీది వెలగదని ఎందుకంత ధీమా?"

"తోలు ఎండిపోయింది. గాలి ఎక్కదు."

అప్పుడు వినపడింది. బయట లాన్ మీంచి, నిదానంగా, లెక్కపెట్టినట్టు. కస్సు. కస్సు. కస్సు.

"ఎక్కుతోంది ద్వారకా" అన్నాను. "రాత్రంతా నూనెలో నానబెట్టాడు."

ద్వారకానాథ్ ముఖంలో పాలిష్ అంతా ఒక్కసారిగా పోయింది. డబ్బా తన్నుకుని లేచాడు. "మూతలో సేఫ్టీ వాల్వు నేను సీసం పోసి మూసేశా. కిరసనాయిలు కారి మచ్చలు పడుతోందని. గాలి ఎక్కువైతే పోయే దారి లేదు. పైగా పన్నెండేళ్ళు రుద్ది రుద్ది అతుకుల దగ్గర రేకు కాగితమైపోయింది."

నేను పరిగెత్తాను. నా పొట్ట నాకంటే ముందు పరిగెత్తింది.

లాన్ మధ్యలో తోమాసు మోకాళ్ళ మీద కూర్చుని పంపు కొడుతున్నాడు. బర్నరు చుట్టూ వేడెక్కడానికి పోసిన స్పిరిట్ నీలంగా మండుతోంది. చుట్టూ అడుగు దూరంలో ముప్పై మంది, చలి కాచుకుంటున్నట్టు చేతులు చాపి.

"తోమాసూ, చెయ్యి తియ్యి. అందరూ వెనక్కి. వెనక్కి."

శవం ఇంట్లో కేకలు మామూలే కాబట్టి ఎవరూ కదల్లేదు. కదిలింది ప్రేమలీల. పూలగుత్తితో ముందువరసని కొట్టి కొట్టి వెనక్కి నెట్టింది. నా వెనకే వచ్చిన శివప్రసాద్ కోటుని ఒక్క గుంజు గుంజి, ఎస్కీలో ఐసునీళ్ళల్లో ముంచి, బర్నరు మీద పరిచాను. బుస్సుమని ఆవిరి లేచి నీలిమంట చచ్చిపోయింది. ట్యాంకు మాత్రం ఇంకా ఉబ్బి, టిక్కుటిక్కుమంటోంది.

నన్ను పక్కకి తోసి దాని ముందు కూలబడ్డది ద్వారకానాథ్. మూత చేత్తో పట్టుకుని అర చుట్టు తిప్పాడు. ఆగాడు. ఇంకో అర చుట్టు. పాము బుసలాంటి చప్పుడుతో గాలి బయటికొచ్చింది. అతని చేతికి కిరసనాయిలు చిమ్మింది. ఆ బుస ఆగేదాకా మూత వదల్లేదు.

తోమాసు ఆ మూతని అందుకుని, భూతద్దం లేకుండానే, వాల్వు రంధ్రం ఉండాల్సిన చోట బొటనవేలితో తడిమాడు. అడుగున మచ్చ చూశాడు. షెడ్డు గుమ్మంలో నిలబడ్డ శేషుకుమారిని చూశాడు. అది తన స్టవ్ కాదని అతనికి ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఎన్నిసార్లు కొట్టావు?" అన్నాడు ద్వారకానాథ్.

"నలభై రెండు. యాభై కొడదామనుకున్నా."

"మీదికి పేలుద్దని నేను అనుకోలేదురా. ఆ సీసం సంగతే మర్చిపోయా. నువ్వు ఓడిపోవడం తప్ప నాకింకేం కనపళ్ళేదు."

తోమాసు ఆ మూతని అతని తడిచేతుల్లో పెట్టాడు. తర్వాత "డిక్కీ తాళం ఇవ్వు" అన్నాడు. "పదకొండూ ముప్పై అయింది. నాకు పోటీ ఉంది. నీతో మాట్లాడేది గెలిచొచ్చాక."

శివప్రసాద్ చుక్కలు కారుతున్న కోటుని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. "అంకుల్, ఇది ఇటాలియన్."

"ఇప్పుడు ఐసుటాలియన్" అన్నాను. ఆ కోటు మీద నాకు నాలుగేళ్ళుగా కన్నుంది.

అప్పుడు, ఆర్వోలో ఇంకో ఫంక్షనున్న పెద్దాయన జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. "అంతా బాగానే ఉంది గాని, ఇంతకీ శవం ఏది?"

ముప్పై జతల కళ్ళు నా మీద. అందులో శివప్రసాద్‌వి ఒక జత, అప్పుడే కారు దిగుతున్న శ్యామసుందరివి ఇంకో జత. దాటవెయ్యడానికి దారి లేదు. ఎస్కీ మూత వేసి, దాని మీదికెక్కాను.

"శేషుకుమారి గారు పొద్దున ఫోన్ చేసి చెప్పింది స్టవ్ మాయం అని. మా ఇంట్లో మిక్సీ తిరుగుతోంది. నాకు శవం మాయం అని వినపడింది. నేను పైకి అన్నది మా ఆవిడ విన్నది, ఆవిడ విన్నది మీరంతా చదివారు. ఇక్కడ ఎవరూ పోలేదు. పూలు తోమాసు బండికి కట్టండి, పులిహోర తినండి."

శివప్రసాద్ నవ్వడానికి నోరు తెరిచాడు. లాన్ మీద ఇంకా పొగలు కక్కుతున్న ట్యాంకుని చూసి, ఆ నోరు మళ్ళీ మూశాడు.

"నేను తప్పుగా విన్న మాట నిజమే" అన్నాను కిందికి దిగుతూ. "కాకపోతే ఒక గంట ముందు విన్నాను."